దేశం యుద్ధం చేస్తే ఆటగాడిని ఎంతవరకు నిలదీయాలి? తిట్టే ముందు తేల్చుకునే పద్ధతి

2025 ఏప్రిల్ ఆఖరి వారం గుర్తుందా మీకు, నీరజ్ చోప్రాని జనం తిట్టిన వారం. బెంగళూరులో తన పేరు మీద ఒక జావెలిన్ పోటీ పెట్టుకున్నాడు, ప్రపంచంలో బాగా విసిరే వాళ్లని పిలిచాడు, అందులో పాకిస్తాన్ అర్షద్ నదీమ్ కూడా ఉన్నాడు. పారిస్ ఒలింపిక్స్‌లో 92.97 మీటర్లు విసిరి గోల్డ్ పట్టుకెళ్లినవాడిని పిలవకుండా జావెలిన్ పోటీ ఎలా పెడతారు చెప్పండి. ఆహ్వానాలు వెళ్లింది సోమవారం, పహల్గామ్‌లో 26 మందిని చంపేసింది మంగళవారం, ఏప్రిల్ 22న. అంతే, ఇక నీరజ్ దేశభక్తి మీదే అనుమానాలు, వాళ్లమ్మని కూడా వదల్లేదు. పారిస్ అప్పుడు ఆవిడ అర్షద్ కూడా మా బిడ్డే అంటే ఎంత మంచి మనసో అని దేశమంతా మెచ్చుకుంది, తొమ్మిది నెలలు తిరక్కుండా అదే మాట పట్టుకుని అదే జనం ఆవిడని తిట్టారు.

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా అవే మెసేజ్‌లు తిరిగాయి, నేను అన్నీ చదివి ఏం మాట్లాడకుండా ఊరుకున్నా, అందరం బాధలో ఉన్నాం, ఇప్పుడెందుకులే గొడవ అని. కానీ ఆ ఊరుకోవడం నన్ను చాన్నాళ్లు గుచ్చింది. ఆ తర్వాత కూర్చుని, యుద్ధాలప్పుడు ఆటగాళ్లని ఎక్కడెక్కడ ఎలా నిలదీశారు, ఎవరికి శిక్ష పడింది, ఎవరిని వదిలేశారు, అందులో ఏది న్యాయంగా ఉంది అని ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాను. ఇప్పుడు ఇలాంటి వార్త వస్తే నేను ఏ వరసలో ఆలోచిస్తానో కింద రాస్తున్నా. మీరు స్పోర్ట్స్ పేజీ నడిపేవాళ్లయినా, అకాడమీలో పిల్లలకి కోచింగ్ ఇచ్చేవాళ్లయినా, ఊరికే ఫ్యాన్ అయినా ఈ వరస పనికొస్తుంది.

ముందు, అసలు ఎవరిని అడుగుతున్నాం అనేది విడదీయండి

మనం "రష్యా వాళ్లు", "పాకిస్తాన్ వాళ్లు" అనేస్తాం కదా, ఆ ఒక్క ముక్కలో నలుగురు ఉంటారు. యుద్ధం నిర్ణయించిన ప్రభుత్వం, ఆ ప్రభుత్వంతో భుజాలు రాసుకుని తిరిగే ఫెడరేషన్ పెద్దలు, జెండా వేసుకుని వచ్చే టీం, ఆఖర్న ఆటగాడు. కోపం పై నుంచి కిందకి దిగాలి, కానీ ఎప్పుడూ కింద నుంచే మొదలవుతుంది, ఎందుకంటే ఆటగాడు టీవీలో కనిపిస్తాడు, చేతికి దొరుకుతాడు, ఇన్‌స్టాగ్రామ్‌లో కామెంట్ పెట్టే చోటు ఉంటుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే.

2025 సెప్టెంబర్ 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్, మన హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ 69 నాటౌట్ కొట్టి గెలిపించిన మ్యాచ్. ఆ రాత్రి మనవాళ్లు ట్రోఫీని మొహ్సిన్ నఖ్వీ చేతుల మీదుగా తీసుకోం అన్నారు. ఆయన ఏషియన్ క్రికెట్ కౌన్సిల్ ప్రెసిడెంట్, పాకిస్తాన్ బోర్డు చైర్మన్, వాటితో పాటు పాకిస్తాన్ హోం మంత్రి కూడా. ఒకే మనిషి మూడు కుర్చీల్లో కూర్చున్నాడు. ఆయన్ని నిలదీయడం, సల్మాన్ ఆఘా టీంలో బౌలర్‌గా ఆడే ఇరవై ఏళ్ల కుర్రాడిని నిలదీయడం రెండూ ఒకటి కాదు. మంత్రి పదవి ఉన్న మనిషి ప్రభుత్వం తరఫున జవాబు చెప్పాల్సిందే, అది ఆయన ఉద్యోగం.

చెస్‌లో దీనికి తలకిందులుగా జరిగింది. రష్యా 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీదకి వెళ్లాక రష్యా, దానికి తోడు నిలిచిన బెలారస్ టీంలని ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఆపేసింది, ఆటగాళ్లు జెండా లేకుండా ఆడుకున్నారు. కానీ ఫిడే ప్రెసిడెంట్ అర్కాడీ ద్వోర్కోవిచ్, రష్యాకి 2012 నుంచి 2018 దాకా ఉప ప్రధానిగా చేసిన మనిషి, అదే ఏడాది ఆగస్టులో చెన్నైలో 157 ఓట్లు తెచ్చుకుని మళ్లీ గెలిచాడు, ఎదురుగా నిలబడ్డ ఉక్రెయిన్ గ్రాండ్‌మాస్టర్‌కి వచ్చినవి 16. ఆయన యుద్ధం మొదట్లో బాధితుల గురించి ఒక మాట అన్నాడు, దానికి రష్యాలో తిట్లు కూడా తిన్నాడు, అది కాదనను. అయినా పిల్లాడు బోర్డు ముందు జెండా లేకుండా కూర్చోవాలి, మాజీ ఉప ప్రధాని మాత్రం కుర్చీలో ఉండొచ్చు అంటే ఆ లెక్క నాకు మింగుడుపడలేదు. మీరు ఏ వార్త చూసినా ఈ ప్రశ్న మొదట వేయండి, పై వాళ్లని అడిగారా లేదా అని.

తర్వాత, ఆ మనిషి సొంతంగా ఏం అన్నాడు, ఏం చేశాడు చూడండి

నా పద్ధతిలో అన్నిటికన్నా బరువైన మెట్టు ఇదే. పుట్టిన దేశానికి ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు, కానీ సొంత నోటితో అన్నదానికి, సొంత చేత్తో చేసినదానికి ప్రతి ఒక్కరూ జవాబు చెప్పాల్సిందే, ఆటగాడైనా సరే.

దీన్ని చెస్ కథతోనే చెప్తా, ఎందుకంటే ఒకే దేశం, ఒకే యుద్ధం, ముగ్గురు మనుషులు, మూడు దారులు. సెర్గీ కర్యాకిన్ క్రిమియాలోని సింఫెరోపోల్‌లో పుట్టాడు, ఉక్రెయిన్ తరఫున ఆడుతూ 12 ఏళ్ల 7 నెలలకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, 2009లో రష్యాకి మారాడు. యుద్ధం మొదలైన మూడు రోజులకే పుతిన్‌కి మద్దతుగా బహిరంగ లేఖ రాశాడు, ఆ తర్వాత కూడా సోషల్ మీడియాలో సైన్యాన్ని వెనకేసుకొస్తూనే ఉన్నాడు. ఇంకోపక్క యాన్ నెపోమ్నియాషీ, ఇంకా 40 మందికి పైగా రష్యన్ ఆటగాళ్లు యుద్ధం ఆపండి అని పుతిన్‌కే లేఖ రాసి సంతకాలు పెట్టారు, ప్రభుత్వం తమని ఏమైనా చేయొచ్చు అని తెలిసీ పెట్టారు. మూడోవాడు సెర్గీ షిపోవ్ అని గ్రాండ్‌మాస్టర్, వ్యాఖ్యాత కూడా, ఈయనా ప్రభుత్వం వైపే మాట్లాడాడు కానీ అంత రెచ్చగొట్టేలా కాదు.

ఫిడే ఎథిక్స్ కమిషన్ 2022 మార్చి 21న ఏం చేసిందంటే కర్యాకిన్‌ని ఆరు నెలలు ఆపింది, షిపోవ్‌కి శిక్ష వేయలేదు. అతని మాటలు అంత తీవ్రంగా లేవు, అతనికి అంత పేరూ లేదు, కాబట్టి ఆటకి అంత చెడ్డపేరు రాలేదు అని తేల్చింది. అంటే ఇద్దరి పాస్‌పోర్టూ ఒకటే, ఇద్దరూ ఒకే వైపు, అయినా అన్న మాట ఏంటి, దాని దెబ్బ ఎంత అని తూకం వేసి విడివిడిగా చూశారు. నాకు ఇది బాగా నచ్చింది. వంద మందిని ఒకే గాటన కట్టేయడం సులభం, ఒక్కొక్కరి ఫైలూ విప్పి చదవడమే కష్టం, ఆ కష్టం పడాలి.

ఆ నిర్ణయం ఎంత దూరం వెళ్లిందో చూడండి. కర్యాకిన్ ఆగిపోవడంతో ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేదెవరో తేల్చే క్యాండిడేట్స్ టోర్నీలో ఒక సీటు ఖాళీ అయింది, అది చైనా డింగ్ లిరెన్‌కి వచ్చింది, డింగ్ అందులో రెండో స్థానంలో వచ్చాడు, అప్పటి ఛాంపియన్ కార్ల్‌సెన్ టైటిల్ నాకొద్దు అనడంతో 2023లో ఆస్తానాలో డింగ్, నెపోమ్నియాషీ ఆడారు, డింగ్ గెలిచాడు, ఆ డింగ్‌ని 2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది చెన్నైలోని తెలుగు ఇంటి పిల్లాడు గుకేష్. మాస్కోలో జరగాల్సిన 2022 చెస్ ఒలింపియాడ్ కూడా అలాగే చెన్నై పక్కన మామల్లపురానికి వచ్చింది, మన ద్రోణవల్లి హారిక తొమ్మిదో నెల కడుపుతో కూర్చుని ఆడింది, కోనేరు హంపితో కలిసి టీంకి కాంస్యం తెచ్చింది. ఎక్కడో జరిగిన యుద్ధం మన ఇళ్లదాకా ఇలా వస్తుంది, అందుకే మనకెందుకులే అని నేను అనలేను.

ఇలాంటివే ఇంకో రెండు. 2022 మార్చిలో దోహాలో రష్యా జిమ్నాస్ట్ ఇవాన్ కుల్యాక్ ఛాతీ మీద జెండా ఉండాల్సిన చోట జెడ్ అక్షరం అంటించుకుని పోడియం ఎక్కాడు, పక్కనే గోల్డ్ గెలిచిన ఉక్రెయిన్ కుర్రాడు నిలబడి ఉన్నాడు. రష్యా ట్యాంకుల మీద రాసుకున్న గుర్తు అది. ఏడాది బ్యాన్ పడింది. టోక్యోలో రెండు గోల్డ్‌లు కొట్టిన స్విమ్మర్ ఎవ్‌గెనీ రైలోవ్ అదే నెలలో మాస్కో లూజ్నికీ స్టేడియంలో పుతిన్ సభకి వెళ్లి నిలబడ్డాడు, స్పాన్సర్ వదిలేసింది, తొమ్మిది నెలలు ఆపారు. కుల్యాక్ సంగతిలో నాకు అనుమానమే లేదు, బాధితుడి పక్కన నిలబడి ఆ గుర్తు చూపించడం చేత్తో చేసిన పనే. రైలోవ్ విషయంలో మాత్రం ఒక్క క్షణం ఆగుతా, ప్రభుత్వం పిలిచిన సభకి రాను అని చెప్పే వీలు ఎంత ఉంది అనేది కూడా చూడాలి కదా. అది నన్ను తర్వాతి మెట్టుకి తీసుకెళ్తుంది.

మాట్లాడనివాడిని ఏం చేయాలి

మౌనం అర్ధాంగీకారం అని మనం చిన్నప్పటి నుంచి వింటాం. పెళ్లిచూపుల్లో ఆ మాట ఎంతవరకు నిజమో గానీ యుద్ధం చేస్తున్న దేశంలో మాత్రం ఆ కొలత పెట్టకండి. రష్యాలో 2022 మార్చి 4న చట్టం వచ్చింది, సైన్యం గురించి తప్పుడు సమాచారం అని ప్రభుత్వం అనుకున్నది చెప్తే 15 ఏళ్ల దాకా జైలు. ఆటగాడు విదేశంలో ఉన్నా అమ్మా నాన్నా ఊళ్లోనే ఉంటారు, తాతయ్య పెన్షన్ అక్కడే, చెల్లి కాలేజీ అక్కడే. మౌనంగా ఉన్నవాడి మనసులో ఏముందో మనకి తెలీదు, తెలీనప్పుడు శిక్ష వేయకూడదు, నాకు తెలిసిన న్యాయం ఇంతే.

అలాంటి చోట కూడా నోరు విప్పినవాళ్లు ఉన్నారు, వాళ్లకి దండం పెట్టాలి. టెన్నిస్ ఆటగాడు ఆండ్రీ రుబ్లేవ్ యుద్ధం మొదలైన మర్నాడే దుబాయ్‌లో సెమీస్ గెలిచి కెమెరా అద్దం మీద యుద్ధం వద్దు ప్లీజ్ అని రాశాడు. ఇంకో టెన్నిస్ ఆటగత్తె దారియా కసాట్కినా 2022 జులైలో యుద్ధం ఆగిపోవడమే తనకి అన్నిటికన్నా కావాల్సింది అంది, తను ఒక అమ్మాయితో బతుకుతున్నానని కూడా అప్పుడే చెప్పింది, ఇక ఆ దేశానికి తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది, 2025 నుంచి ఆస్ట్రేలియా తరఫున ఆడుతోంది. కానీ కసాట్కినా అంత ధైర్యం చేసింది కదా నువ్వెందుకు చేయలేదు అని ఇంకొకరిని అడగకూడదు. ధైర్యం చూసి మెచ్చుకోవాలి, దాన్ని అందరికీ కొలబద్దగా పెట్టకూడదు.

మీరు రిపోర్టరో, యూట్యూబ్ ఛానెల్ నడిపేవాళ్లో అయితే ప్రశ్న ఎలా అడగాలి అనేది ఇక్కడ ముఖ్యం. 2023 ఫ్రెంచ్ ఓపెన్‌లో బెలారస్ అమ్మాయి సబలెంకాని ఉక్రెయిన్ జర్నలిస్ట్, బెలారస్ అధ్యక్షుడు లుకషెంకోతో తనకున్న పాత సంబంధం గురించి గట్టిగా అడిగింది, సబలెంకా నో కామెంట్ అంది, తర్వాత రెండు మ్యాచ్‌లకి మామూలు ప్రెస్ మీట్‌కి రాలేదు, అక్కడ భద్రంగా అనిపించట్లేదు అంది. క్వార్టర్స్ అయ్యాక వచ్చి యుద్ధాన్ని సమర్థించను, ఇప్పుడు లుకషెంకోనీ సమర్థించను అని చెప్పింది. నా దృష్టిలో ఆ జర్నలిస్ట్ అడిగింది సరైనదే, ఎందుకంటే అడిగింది ఆ ఆటగత్తె సొంత పని గురించి, అడిగినావిడ ఊరి మీద బాంబులు పడుతున్నాయి. అదే ప్రశ్నని నాలుగు రోజుల పాటు ప్రతి మ్యాచ్ తర్వాత, ఈసారి అయినా తిడుతుందేమో అని అడిగితే అది జవాబు కోసం కాదు, క్లిప్ కోసం. ఒకసారి సూటిగా అడగండి, జవాబుని పూర్తిగా వేయండి, చెప్పను అంటే చెప్పను అంది అని రాయండి, అక్కడితో వదిలేయండి. మీ ప్రధాని చేసినదానికి మీరు సిగ్గుపడుతున్నారా లాంటి ప్రశ్న అసలు వద్దు, దానికి ఏ జవాబు చెప్పినా ఆ మనిషి చిక్కుకుంటాడు.

జీతం ఎవరిస్తున్నారు అనే ప్రశ్న, ఇది మనకే తిరిగి తగులుతుంది

2023 మార్చిలో ఒలింపిక్ కమిటీ ఒక రూల్ చెప్పింది. రష్యా, బెలారస్ ఆటగాళ్లు జెండా, జాతీయగీతం లేకుండా ఒంటరిగా రావచ్చు, కానీ యుద్ధాన్ని బాహాటంగా సమర్థించినవాళ్లు రాకూడదు, సైన్యంతోనో భద్రతా సంస్థలతోనో కాంట్రాక్ట్ ఉన్నవాళ్లూ రాకూడదు, టీంలు అసలే వద్దు. ఈ వడపోత అయ్యాక పారిస్‌కి రష్యా నుంచి వచ్చింది 15 మంది, బెలారస్ నుంచి 17 మంది, అంతే. వాళ్లని ఓపెనింగ్ పరేడ్‌లో నడవనివ్వలేదు, మెడల్ పట్టికలో వాళ్ల దేశం పేరు లేదు.

వినడానికి బాగానే ఉంది. ఇప్పుడు అదే రూల్ మన మీద పెట్టి చూడండి. నీరజ్ చోప్రా ఆర్మీలో, రాజ్‌పుతానా రైఫిల్స్‌లో ఉద్యోగం చేసినవాడు, ఆ ఉద్యోగమే ఆ రైతు ఇంటి పిల్లాడిని నిలబెట్టింది. మన బాక్సర్లు, రోవర్లు, షూటర్లు ఎంతమంది సర్వీసెస్ నుంచి వస్తారో లెక్కపెట్టండి. వాళ్లలో యుద్ధం గురించి నిర్ణయం తీసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా? రష్యాలో సీఎస్‌కేఏ అంటే ఆర్మీ క్లబ్, దైనమో అంటే పోలీసు, భద్రతా శాఖల క్లబ్, అక్కడ జిమ్నాస్టిక్స్ నేర్చుకోవాలన్న ఆరేళ్ల పిల్లకి దగ్గర్లో ఉన్న గేటు అదే అయి ఉండొచ్చు. కాబట్టి జీతం ఎక్కడి నుంచి వస్తోంది అనేదాన్ని నేను అనుమానంగా తీసుకుంటా గానీ రుజువుగా తీసుకోను. యూనిఫాం వేసుకుని ప్రచారం చేశాడా, ఫ్రంట్‌కి వెళ్లి ఫోటోలు దిగాడా, అప్పుడు అది చేత్తో చేసిన పని అవుతుంది, రెండో మెట్టుకి వెళ్లిపోతుంది. ఉక్రెయిన్ వాళ్లు ఈ విషయంలో నాతో ఒప్పుకోరు, వాళ్లని ఒప్పుకోమనే హక్కు కూడా నాకు లేదు, వాళ్ల స్టేడియాలు కూలాయి, వాళ్ల ఆటగాళ్లు చనిపోయారు.

జెండాని ఆపడం వేరు, మనిషిని ఆపడం వేరు

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌కి జర్మనీ, ఆస్ట్రియా, హంగరీ, బల్గేరియా, టర్కీలని పిలవలేదు. 1948 లండన్‌కి జర్మనీ, జపాన్‌లని పిలవలేదు. అప్పట్లో దేశం అంటే దేశం మొత్తం, మనిషిని విడిగా చూసే ఆలోచనే లేదు. 1992లో ఐక్యరాజ్యసమితి ఆంక్షలు వచ్చాక యుగోస్లావియా ఫుట్‌బాల్ టీంని యూరో కప్ నుంచి పంపేశారు, వాళ్ల చోటులో వచ్చిన డెన్మార్క్ కప్పు కొట్టేసింది. కానీ అదే ఎండాకాలం బార్సిలోనా ఒలింపిక్స్‌లో యుగోస్లావియా ఆటగాళ్లని ఒంటరిగా, దేశం జెండా లేకుండా ఆడనిచ్చారు. నాకు తెలిసి అక్కడే సరైన గీత పడింది. జెండా, గీతం, టీం అనేవి ప్రభుత్వం వాడుకునే వస్తువులు, వాటిని ఆపితే దెబ్బ తగలాల్సిన చోటే తగులుతుంది.

2022 వింబుల్డన్ ఆ గీత దాటింది. రష్యా, బెలారస్ ఆటగాళ్లు ఎవరూ రావద్దు అంది, అప్పటికే వాళ్లు జెండా లేకుండా ఆడుతున్నా సరే, యుద్ధం వద్దు అని రాసిన రుబ్లేవ్ అయినా సరే. వాళ్లు గెలిస్తే ఆ గెలుపుని పుతిన్ ప్రభుత్వం వాడుకుంటుంది అన్నారు, ఆ భయంలో నిజం లేకపోలేదు. దానికి మగవాళ్ల టెన్నిస్ సంఘం ఏటీపీ, ఆడవాళ్ల సంఘం డబ్ల్యూటీఏ ఆ టోర్నీకి ర్యాంకింగ్ పాయింట్లు తీసేశాయి. చివరికి మహిళల టైటిల్ గెలిచింది ఎలెనా రిబాకినా, మాస్కోలో పుట్టి పెరిగి కజకిస్తాన్ తరఫున ఆడే అమ్మాయి. పాస్‌పోర్టు మారితే అమాయకురాలు, మారకపోతే నేరస్థురాలు అనే లెక్క అక్కడే తేలిపోయింది. మరుసటి ఏడాది వింబుల్డన్ కూడా దారి మార్చుకుంది, ప్రభుత్వాన్ని సమర్థించం అని సంతకం పెట్టి, జెండా లేకుండా రండి అంది. అలా సంతకం అడగడం మీద కూడా నాకు ఇబ్బందే, ఇంట్లోవాళ్ల ప్రాణం పణంగా పెట్టినట్టు అవుతుంది కొందరికి, కానీ అందరినీ గేటు దగ్గర ఆపేయడం కన్నా ఇది నయం.

చేతులు కలపకపోతే

ఇక్కడ ఒక్క ప్రశ్న చాలు, దెబ్బ తిన్నది ఎవరు. 2023 జులైలో మిలాన్ వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో ఉక్రెయిన్ ఫెన్సర్ ఓల్గా ఖార్లాన్ రష్యా అమ్మాయి స్మిర్నోవాని 15-7తో ఓడించి, చెయ్యి ఇవ్వకుండా కత్తి చాపింది, తగిలిస్తే చాలు అన్నట్టు. స్మిర్నోవా పోటీ జరిగే పట్టీ మీదే కుర్చీ వేసుకుని కూర్చుంది, ఖార్లాన్‌ని డిస్‌క్వాలిఫై చేశారు. దేశం మీద మిసైళ్లు పడుతుంటే చెయ్యి కలపలేదని తనకే శిక్ష! నాకు ఆ రోజు వార్త చదివి చాలా కోపం వచ్చింది. తర్వాత ఒలింపిక్ కమిటీ కల్పించుకుని ఆవిడకి పారిస్‌లో చోటు హామీ ఇచ్చింది, ఫెన్సింగ్ వాళ్లు షేక్‌హ్యాండ్ రూల్ సడలించారు, పారిస్‌లో ఖార్లాన్ సేబర్ అనే కత్తి పోటీలో కాంస్యం, టీంతో గోల్డ్ గెలిచింది.

అలాగని చెయ్యి కలిపినవాళ్లు తప్పు అని కాదు. 2008 ఆగస్టులో రష్యా, జార్జియా యుద్ధం జరుగుతున్న ఆ రోజుల్లోనే బీజింగ్‌లో ఎయిర్ పిస్టల్ పోడియం మీద రష్యా పడెరినా, జార్జియా సలుక్వాద్జే ఒకరినొకరు కౌగిలించుకున్నారు. ఇద్దరినీ ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. బాధితురాలు కౌగిలించుకున్నా, కత్తి చాపినా అది తన ఇష్టం. బయటవాళ్లం మనం, అరవడానికి మనకేం హక్కుంది. 2023 వింబుల్డన్‌లో ఉక్రెయిన్ స్విటోలినా చెయ్యి కలపదని తెలిసి బెలారస్ అజరెంకా దూరం నుంచే చెయ్యి ఊపి వెళ్లిపోతే జనం అజరెంకాని హేళన చేశారు, అదే ఏడాది పారిస్‌లో చెయ్యి కలపని ఉక్రెయిన్ అమ్మాయి కోస్త్యుక్‌నీ హేళన చేశారు. ఎవరు ఏం చేసినా తిట్టే జనానికి ఆటగాడి బాధ అక్కర్లేదు.

మరి ఆసియా కప్‌లో మనవాళ్లు పాకిస్తాన్ టీంతో చేతులు కలపకపోవడం? సెప్టెంబర్ 14 మ్యాచ్ తర్వాత సూర్యకుమార్ మాట్లాడుతూ ప్రభుత్వం, బోర్డు ఆలోచనతోనే మేమూ ఉన్నాం అన్నాడు, గెలుపుని సైన్యానికి అంకితం ఇచ్చాడు. పహల్గామ్ కుటుంబాల కోసం ఆటగాడు తనంతట తాను చెయ్యి వెనక్కి తీసుకుంటే నేను గౌరవిస్తా. పైనుంచి నిర్ణయమైతే మాత్రం దానికి జవాబు చెప్పాల్సింది నిర్ణయించినవాళ్లు, ఆటగాడిని ముందుకు నెట్టి కాదు. ఇంకోటి కూడా, మ్యాచ్ ఆడటానికి ఒప్పుకుని, టీవీ డబ్బులు తీసుకుని, చెయ్యి ఒక్కటి ఆపడం దగ్గర న్యాయం మొత్తం ఉందని నాకు అనిపించదు. 1974లో మన టెన్నిస్ టీం డేవిస్ కప్ ఫైనల్‌కి వెళ్లింది, ఎదురుగా వర్ణవివక్ష నడుపుతున్న దక్షిణాఫ్రికా, మన ప్రభుత్వం ఆడొద్దు అంది, ఫైనల్ వదిలేశాం, కప్పు వాళ్లకి పోయింది. అమృత్‌రాజ్ అన్నదమ్ములకి ఎంత నొప్పి వేసి ఉంటుందో, కానీ ప్రభుత్వం తన నిర్ణయాన్ని తన పేరు మీదే చెప్పింది.

చివరి మెట్టు, కొలత తిప్పి మన మీద పెట్టడం

గురివింద గింజ సంగతి మనకి తెలిసిందే కదా. 2003లో అమెరికా ఇరాక్ మీదకి వెళ్లింది, మరుసటి ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో జెండా పట్టుకునే నడిచింది, ఎవరూ ఆపలేదు, ఏ స్విమ్మర్‌నైనా బుష్ గురించి సంజాయిషీ అడిగినట్టు నాకు తెలీదు. 2025లో గాజా మీద కోపంతో స్పెయిన్ సైకిల్ రేసు వుయెల్టాలో ఇజ్రాయెల్-ప్రీమియర్ టెక్ టీంని అడ్డుకున్నారు, మాడ్రిడ్‌లో ఆఖరి స్టేజ్ పూర్తవ్వనే లేదు. ఆ టీం రైడర్లలో ఎక్కువమంది ఇజ్రాయెల్ వాళ్లే కాదు, కానీ టీం పేరులో అప్పుడు దేశం ఉండేది, ప్రధాని నెతన్యాహు ఆ టీంని పొగిడాడు కూడా. నా మెట్ల ప్రకారం ఆ పేరునీ, ఓనర్‌నీ ప్రశ్నించడం న్యాయమే, సైకిల్ తొక్కేవాడి చక్రాల ముందుకి దూకడం కాదు. అమెరికాకి ఒక కొలత, రష్యాకి ఒకటి, ఇజ్రాయెల్‌కి ఒకటి, పాకిస్తాన్‌కి ఒకటి, మనకి ఇంకోటి ఉంటే దాన్ని న్యాయం అనరు.

దీనికి తిరగేసిన కథ కూడా చూసుకోవాలి, సొంత దేశం యుద్ధానికి రాను అన్నవాడిది. ముహమ్మద్ అలీ 1967 ఏప్రిల్ 28న వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరను అన్నాడు, టైటిల్ పీకేశారు, లైసెన్సులు లాగేసుకున్నారు, మూడేళ్లకి పైగా రింగ్‌కి దూరమయ్యాడు, 1971లో సుప్రీంకోర్టు 8-0తో అతని వైపు తీర్పు ఇచ్చింది. ఇవాళ అలీని పొగిడే మనం, రేపు మన ఆటగాడు ఎవరైనా అందరికీ నచ్చని మాట అంటే ఏం చేస్తాం? పక్కదేశం ఆటగాడు నోరు విప్పితే హీరో, మనవాడు విప్పితే ద్రోహి అంటే ఈ పద్ధతి మొత్తం మొదటి మెట్టు దగ్గరే విరిగిపోతుంది.

ఇక పోస్ట్ పెట్టే ముందు చేతిలో పని. తారీఖు చూడండి, నీరజ్ ఆహ్వానం దాడికి ముందే వెళ్లింది అన్న ఒక్క విషయం ఆ వారంలో సగం మెసేజ్‌ల్లో లేదు. ఆటగాడి మాటని అనువాదంలో చదివితే రెండు చోట్ల సరిచూడండి, ఒక్క పదం అటూ ఇటూ అయితే మనిషి జైలుకి పోయే దేశాలు ఉన్నాయి. ఆటగాడి తల్లి, పెళ్లాం, పిల్లల అకౌంట్ల జోలికి వెళ్లొద్దు, ఏ కారణానికీ వద్దు. కోపం నిజంగా ఉంటే ఫెడరేషన్‌కో, స్పాన్సర్‌కో, మన సొంత బోర్డుకో మీ పేరుతో నాలుగు లైన్లు రాయండి, అక్కడ చదివి తీరాల్సిన మనిషి ఉంటాడు. పిల్లలకి కోచింగ్ ఇచ్చేవాళ్లు ఇంకో పని చేయాలి, వేరే దేశం పిల్లాడితో మ్యాచ్ పడినప్పుడు తల్లిదండ్రులు గ్యాలరీలో ఏం మాట్లాడుకుంటున్నారో వినండి, అవసరమైతే మెల్లగా ఆపండి, ఆ మాటలు పిల్లలకి వినపడతాయి.

గ్రూపులో తిట్లు మొదలైతే నేను ఇప్పుడు పెట్టే మెసేజ్ ఇది, కావాలంటే కాపీ చేసుకోండి: "అన్నా, ఈ ఆటగాడు తన నోటితో ఏమన్నా అన్నాడా, చేత్తో ఏమన్నా చేశాడా? ఉంటే లింక్ పెట్టు, చదివి మాట్లాడుకుందాం. లేకపోతే వాళ్ల మంత్రి గురించి మాట్లాడుకుందాం." మొదటిసారి పెట్టినప్పుడు ఇద్దరు నా మీద గట్టిగానే ఎగిరారు, ఒకాయన గ్రూపులోంచే వెళ్లిపోయారు. పై ఫ్లోర్ బాబాయ్ మాత్రం అరగంట తర్వాత నిజంగానే ఒక లింక్ పెట్టారు, తెరిచి చూస్తే అది ఆ ఆటగాడిది కాదు, అదే పేరున్న ఇంకెవరిదో. తప్పు నాదేనయ్యా అని ఆయనే రాసి ఆ పోస్ట్ తీసేశారు.